గులిమి సెలవు

పై అధికారికి లేని జబ్బు కింది ఉద్యోగికి రాకూడదు! ఏ చట్టంలోనూ లేకపోయినా, నీటి సరఫరా కార్యాలయంలో తు.చ. తప్పక పాటించే నియమమిది.

దాన్ని హెడ్ గుమాస్తా ఉల్లంఘించాడు. కుడి చెవి వినపడటం మానేసింది. లోపల ఒకటే హోరు. లేచి నిలబడితే గది గిర్రున తిరిగేది. భార్య రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

స్కాన్ చూసి డాక్టరు, "లోచెవిలో గడ్డమ్మా. ఆవగింజంతే. లక్షల్లో ఒకరికొస్తుంది. కానీ పెరుగుతోంది, మెదడు వైపు పాకకముందే తీసేయాలి," అన్నాడు.

ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని ఆవిడ ఆత్రంగా అడిగింది. ఆయనగారికి మాత్రం ఛాతీ పొంగింది. "విన్నావుటే? లక్షల్లో ఒకణ్ణి!"

మర్నాడు ఆఫీసంతా ఆయన బల్ల చుట్టూ మూగింది. టైపిస్టు కళ్లొత్తుకుంది. డైరెక్టరుగారు గంట కొడితే పలికే నాథుడు లేడు!

సెలవు చీటీ చూసి డైరెక్టరుగారు మొహం చిట్లించారు. "చెవిలో హోరు నాకూ ఉందయ్యా! గడ్డ నీకెలా వస్తుంది?" సంతకం ఆపి, తానూ స్కాన్ తీయించుకున్నారు. తేలింది గులిమి! డాక్టరు చుక్కల మందిచ్చి పంపేశాడు.

ఆ మంటంతా సెలవు మీద పడింది. "నాది గులిమైతే నీదీ గులిమే. కడిగించుకో, పో!"

హెడ్ గుమాస్తా ఇంటికొచ్చి, "నాది గులిమేనట," అన్నాడు.

"ఎవరన్నారు?"

"సాక్షాత్తూ డైరెక్టరుగారే!"

"ఆయన మీ చెవిలో దూరి చూశాడా?"

"అంత పెద్దాయన అన్నాక కాదంటే ఏం బాగుంటుంది?" అంటూనే గోడ పట్టుకుని కూలబడ్డాడు.

తెల్లారేసరికి ఆవిడ డైరెక్టరుగారి గదిలో ఉంది.

"మీరన్నట్టే మా ఆయనది గులిమేనండి. రాయిలా గట్టిపడింది, కోస్తే గాని రాదట. మీదే..." అంటూ నీళ్లు నమిలింది.

"నాదే? చెప్పమ్మా!"

"గడ్డండి. మీరు కంగారుపడతారని డాక్టరు దాచాడట. ఏమీ చెయ్యదు, దాని మానాన అదుంటుందట. కోట్లలో ఒకరికి గాని రాదట!"

డైరెక్టరుగారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. "కోట్లలోనా! నాకు మొదట్నించీ అనుమానమే." వెంటనే, 'గులిమి తీయించుకొనుటకై సెలవు మంజూరు చేయడమైనది' అని రాసి సంతకం గీకేశారు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. చెవి వెనక కట్టుతో కళ్లు తెరిచిన హెడ్ గుమాస్తా, గండం గడిచిందని విని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు.

"మా ఆఫీసువాళ్లు ఒక్కరూ రాలేదేం?"

"డైరెక్టరుగారింటికి పరామర్శకు పోయారండీ," అంటూ భార్య జరిగిందంతా చెప్పింది.

ఆయన కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఎంత పని చేశావే! నా గడ్డ పట్టుకెళ్లి ఆయనకిచ్చేశావా? గులిమికి కోయించుకున్నవాణ్ణి, రేపు ఏ మొహం పెట్టుకుని ఆఫీసుకు పోను!"