సిఫార్సులు లేని ఇంటర్వ్యూ

"ఇకమీదట మన సాన్ ఆర్కేడియో పట్టణంలో సిఫార్సులుండవు. ప్రతిభ ఒక్కటే ప్రమాణం" అని మేయర్ అర్సెనియోగారు ప్రకటించారు. ప్రకటనతోపాటు ఆయన నిలువెత్తు బొమ్మ వేసి మున్సిపల్ హాలు ముందు ఫ్లెక్సీ కట్టారు. బొమ్మకే చోటంతా సరిపోయింది కనక, ప్రతిభ అన్న మాట ఆయన బూట్ల దగ్గర సర్దుకుంది. కళ్లున్నవాళ్లకు కనిపిస్తూనే ఉంది.

ఆ ఇంటర్వ్యూలకు గుమాస్తాను నేను. కళ్లారా చూసిన భాగ్యం నాది.

ఖాళీ అయినది అంబులెన్సు డ్రైవరు కొలువు. అంతవరకూ నడిపిన మేయరుగారి మేనల్లుడు బండిని వరిమడిలోకి దింపి, ప్రమోషన్ మీద పర్యాటక శాఖకు వెళ్లాడు. మొదట నెస్తోర్‌ని పిలిచారు. మేనల్లుడికి ముందు ఎనిమిదేళ్లు ఆ బండి నడిపినవాడు.

"పాత ఉద్యోగం ఎందుకు పోయింది?" అన్నారు మేయరుగారు.

"మీరు గెలిచారు కదండీ."

"నా మీదికి తొయ్యకు. నీ లోపమేంటో చెప్పు."

"మీరు రాగానే హాలుకి పాత మేయరుగారి పార్టీ ఆకుపచ్చ గీకేసి మీ నారింజ రంగేయించారు. ఆ వారమే ఆకుపచ్చోళ్లందర్నీ తీసేశారు. నేను ఆకుపచ్చ కాదండీ, బండి ఆకుపచ్చ."

"మరి ఆ బండే ఎందుకు నడిపావ్?"

"రోగులు అందులోనే ఉండేవాళ్లండీ."

మేయరుగారు ఎంతో ఓపికగా నవ్వారు. "పోనీ, ఉద్యోగం పోయాక ఏం నేర్చుకున్నావ్?"

"చేపలమ్మడమండీ. సరిగ్గా అబ్బలేదు. మా ఆవిడకి నెలలు నిండాయి, దయచేసి ఈ కొలువు ఇప్పించండి."

"బయట కూర్చో. కమిటీ ఆలోచిస్తుంది."

కొలువులిచ్చే ఆ కమిటీకి ఇంకా అధ్యక్షుడు లేడు. ఆ పదవికీ ఇంటర్వ్యూ ఆ పూటే. వచ్చినది ఒక్కరే, ఓడిపోయిన పాత మేయరు ప్లాసిడోగారు. ఎన్నికల్లో ఓడినవాళ్లకు ఏడాదిపాటు సర్కారు కొలువు ఇవ్వకూడదని మా చట్టం. ఆ ఏడాది నిన్నటితో తీరింది. చట్టమంటే ఇద్దరికీ ప్రాణం.

వరండాలో ఆయన్ని చూసి నెస్తోర్ దిగ్గున లేచాడు. "మా బాసండీ! నాకు ఆ కొలువిచ్చింది ఈయనే. ఇంక భయం లేదు" అన్నాడు నాతో. వాడి మొహం చూసి నాకూ ప్రాణం కుదుటపడింది.

మేయర్లిద్దరూ ఒకరి పిల్లలకొకరు బాప్తిస్మంనాటి జ్ఞానతండ్రులు. ఆ వరసతో 'పరే' అని పిలుచుకుంటారు. అయినా నిబంధన నిబంధనే, ప్రశ్నలు మారలేదు.

"పాత ఉద్యోగం ఎందుకు పోయింది, పరే?"

"జనం కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు, పరే. పెద్దల మాట కాదనలేకపోయాను."

"ప్రచారంలో నన్ను దొంగన్నావు."

"నువ్వు నన్ను హంతకుడన్లా? మైకు ముందు సవాలక్ష అనుకుంటాం."

"మరి ఏం నేర్చుకున్నావ్?"

"నారింజ రంగు నాకు నప్పుతుందని" అంటూ ప్లాసిడోగారు కోటు గుండీలు విప్పారు. లోపలి చొక్కా కొత్తది, రంగు చెప్పక్కర్లేదు.

ఓటమిని ఇంత హుందాగా వివరించినవాణ్ణి తన జన్మలో చూడలేదని మేయరుగారు కౌగిలించుకున్నారు. అందరం చప్పట్లు కొట్టి పాన్సిట్ నూడుల్స్ తిన్నాం. మూతి తుడుచుకుని ప్లాసిడోగారు అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నారు. తొలి సంతకానికి ముందు నెస్తోర్‌ని పిలిపించారు.

"బాస్!" అంటూ పరుగున వచ్చాడు నెస్తోర్.

"కూర్చో నాయనా. బండి నడపడంలో నీకు వంక పెట్టలేం. నీ ఇంట్లో పరిస్థితీ విన్నాను, పాపం" అన్నారు ప్లాసిడోగారు కళ్లద్దాలు సవరించుకుంటూ. "కానీ నువ్వు పాత మేయరు మనిషివట కదా? అలాంటోళ్లని నమ్మి కొలువెలా ఇవ్వమంటావ్, నువ్వే చెప్పు?"