రొయ్యల చెరువు మీద మూడో ప్రమాద హెచ్చరిక

“ఈ జిల్లాలో నేరస్థులు ఇంకా నిశ్చింతగా తిరుగుతున్నారంటే కారణం ఒక్కటేరా ప్రసన్నకుమార్. నాకు ఆదివారం తప్ప సెలవు లేదు.”

ఈ మాట అన్నవాడు నా బాల్యమిత్రుడు పల్లంరాజు. పాలకొల్లులో ఐస్ ఫ్యాక్టరీ గుమస్తా. తన దృష్టిలో మాత్రం మహా అపరాధ పరిశోధకుడు. పదేళ్లలో వాడు పట్టుకున్నది జలుబు ఒక్కటే. అయినా ప్రతి ఆదివారం నేనూ, నా పాత కారూ వాడి వెంట తిరుగుతూనే ఉన్నాం. కారుకు నోరు లేదు, నాకు బుద్ధి లేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక రూతు అనే అమ్మాయి వచ్చింది. క్వయిర్ నడిపే యెహెజ్కేలుగారి కూతురు, డిగ్రీ చదువుతోంది.

“మా నాన్న పెళ్లైన కొత్తలో ఒక హెవీ మెటల్ ఆల్బం చేశారండి. ఇంట్లోనే రికార్డు చేసి మూడొందల సీడీలు వేయించారు. ఒక్కటీ అమ్ముడవలేదు. ఇప్పుడడిగితే ఎక్కడో పోయాయంటారు.”

“హెవీ అంటే ఎన్ని కిలోలుంటుందమ్మా?” అన్నాడు పల్లంరాజు, నోట్‌బుక్ తెరుస్తూ.

“సంగీతమండి. గిటార్లు ఉరుముతాయి, పాడేవాళ్లు అరుస్తారు. ఆల్బం పేరు ‘మూడో ప్రమాద హెచ్చరిక’.”

గోదారికి పెద్ద వరదొస్తే ధవళేశ్వరం దగ్గర ఇచ్చే చివరి హెచ్చరిక అది. మా వైపు పసిపిల్లలకూ తెలుసు. పల్లంరాజు మాత్రం కళ్లు చిట్లించాడు.

“మూడోదంటే ముందు రెండు వచ్చి ఉండాలి. వాటిని మాయం చేసిందెవరు?”

రూతు ఇక లాభం లేదని నా వైపు తిరిగింది. “అందులో ఒక పాటలో మా అమ్మ గొంతు ఉందని నానమ్మ చెప్పిందండి. నాకు ఏడాది నిండకముందే అమ్మ పోయింది. తన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. నాన్నని గట్టిగా అడగలేను. అమ్మ పేరెత్తితే అన్నం మానేస్తారు.”

నాకు మనసు చివుక్కుమంది. పల్లంరాజు ‘అంతర్జాతీయ ముఠా’ అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

రూతును కూడా కారెక్కించుకుని ఊరవతల యెహెజ్కేలుగారి రొయ్యల చెరువుకు వెళ్లాం. చెరువుకు అడ్డంగా తాళ్లు, వాటి నిండా మెరిసే బిళ్లలు. ఎండకు అవి తళుక్కుమంటే నీటికాకులు బెదిరి రొయ్యల జోలికి రావు. ప్రతి చెరువు మీదా ఏవో ఒకటి ఉండేవే కాబట్టి నేను తలెత్తి చూడలేదు. నా బుద్ధి గురించి ముందే చెప్పాను.

పల్లంరాజు చూశాడు. “ఎవడో సిగ్నల్ ఇస్తన్నాడ్రా!” అన్నాడు నా చెవిలో.

“పక్షుల్ని బెదరగొట్టడానికిరా అవి.”

“మనం అలా అనుకోవాలనే వాళ్ల పన్నాగం.”

తర్వాత విచారణ మొదలైంది.

“యెహెజ్కేలుగారూ, మీ ఆల్బంకి శత్రువులెవరండి?”

“విన్న నలుగురూనండి.”

“దాన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

ఆయన ఓసారి చెరువు వైపు చూసి, మేత బకెట్టు సర్దుకున్నారు. “ఎందుకండీ ఇప్పుడా గోల?”

“తడబడ్డారు!” అని పల్లంరాజు నేరస్థలం కొలవడానికి టేపు లాగుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. గట్టు అయిపోయింది. వాడు ఆగలేదు.

పడుతూ పడుతూ తాడు పట్టుకున్నాడు. తాడు తెగి, దాంతోపాటు నలభై బిళ్లలు గట్టు మీద పడ్డాయి. రూతు ఒకటి తీసి తిప్పి చూసింది. ‘మూడో ప్రమాద హెచ్చరిక’.

“నాన్నా, నువ్వే కట్టావా?”

యెహెజ్కేలుగారు తల దించుకున్నారు. “ఒక పాట పాడైందని మొత్తం అటక మీద పడేశానమ్మా. మళ్లీ వినలేదు. మనుషులు ఎలాగూ పారిపోయారు, పక్షులైనా పారిపోతాయని ఈ పంటకే కట్టాను.”

నా కారులో సీడీ ప్లేయరు ఇంకా పనిచేస్తుంది. ఎండకు మచ్చలు పడ్డవి ఎనిమిది మొరాయించాయి. తొమ్మిదోది పాడింది. నీటికాకులు నిజంగానే లేచిపోయాయి. ఏడో పాటలో, గిటారు హోరు మధ్య, ఒక ఆడగొంతు స్పష్టంగా వినిపించింది.

“ఏవండీ! ఆ గోల ఆపి రండి. పులుసు చల్లారిపోతంది.”

“వస్తన్నానే,” అన్నారు యెహెజ్కేలుగారు.

అనేసి, అలాగే నిలబడిపోయారు. రూతు ఏడుస్తూనే నవ్వుతూ మళ్లీ వెయ్యమంది. ఐదుసార్లు వేశాను. ఆరోసారి ఆయనే చెయ్యి చాపి వేసుకున్నారు.

పల్లంరాజు మోకాళ్ల లోతు బురదలో, చొక్కా జేబులో రొయ్యతో నిలబడి అన్నాడు. “నేను ముందే చెప్పాన్రా, అది సిగ్నలేనని.”

ముప్ఫై ఏళ్ల స్నేహంలో మొదటిసారి వాడి మాటకు నేను అడ్డు చెప్పలేదు.