అల్లుడుగారి పుట్టుమచ్చ

"ఈ రోజు నుంచి మన కొండ మీద పిడుదులు లేవు" అని అటవీ మంత్రిగారు కొండ కింద, ట్రెక్కింగ్ మొదలుపెట్టే ముందు మైకులో ప్రకటించారు. ఆయన మా అల్లుడుగారు. ఒక్క మాటతో అంత కొండను శుభ్రం చేసిన మనిషిని నా జన్మలో చూడలేదు. మా ఆయనకు వసారా ఊడవడానికే ఒక పూట పట్టేది.

పక్కనున్న అటవీ ఆఫీసరు ప్యాంటును సాక్సుల్లోకి దోపుకుని వచ్చాడు. "సర్, ఒంటికి పట్టి నెత్తురు తాగే పిడుదు చిన్నదే, అదిచ్చే జ్వరం పెద్దది. గడ్డి తగలకుండా బాట మధ్యలో నడవాలి. దిగాక ఒళ్ళంతా చూసుకోవాలి."

"సాక్సులేసుకున్నావంటే నా మాట మీద నమ్మకం లేనట్టేగా" అని అల్లుడుగారు అతణ్ణి సాక్సులతో సహా సస్పెండ్ చేశారు. తాను నిక్కరేసుకుని, ఫొటోల కోసం గడ్డిలో పొర్లి మరీ ట్రెక్కింగ్ ముగించారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆయన చెవి వెనక చూసి, "అమ్మా, పిడుదు" అంది.

"పిడుదులు లేవు కదా మేడమ్. అది పుట్టుమచ్చ" అన్నాడు పి.ఎ.

"పెళ్ళయి ఇన్నేళ్ళు. నేను చూడని మచ్చా?"

"మంత్రయ్యాక పుట్టింది మేడమ్."

"దానికి కాళ్ళున్నాయి నాయనా" అన్నాను.

"మంత్రిగారి మచ్చండీ అమ్మగారూ. ఆమాత్రం ఉండవా?"

తెల్లారేసరికి 'మంత్రికి అదృష్ట మచ్చ' అని పేపర్లో పడింది. కార్యకర్తలందరూ చెవుల వెనక నల్లచుక్కలు పెట్టుకున్నారు. అసలు మచ్చ మాత్రం శనగగింజంత అయింది. పదవొచ్చినవాళ్ళు కూడా అంత తొందరగా ఒళ్ళు చెయ్యరు.

వారం తిరక్కుండా అల్లుడుగారికి జ్వరం. "పదవి పోతే పోనీ, మనిషి దక్కితే చాలు" అని అమ్మాయి ఏడుపు.

"డాక్టరొస్తే ఏం కుట్టిందని అడుగుతాడు మేడమ్. ఏం చెబుతాం?" అన్నాడు పి.ఎ.

నేను సస్పెండైన ఆఫీసరుకు ఫోన్ చేశాను. "నలపకండి, కాల్చకండి. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిన్నగా పైకి లాగండి. డాక్టరుకు మాత్రం నిజం చెప్పండమ్మా" అన్నాడు. అల్లుడుగారు భోజనం చేసి కునుకు తీస్తుండగా లాగేశాను. డాక్టరు పెరటి దారిన వచ్చి, నిజం విని, మందిచ్చి, పెరటి దారినే వెళ్ళాడు.

పి.ఎ. గుండెలు బాదుకున్నాడు. "మచ్చేదండీ అమ్మగారూ? సాయంత్రం ప్రెస్ మీట్!" చివరికి మా అమ్మాయి కాటుకతో తనే దిద్దాడు.

ప్రెస్ మీట్లో లైట్ల వేడికి, జ్వరం చెమటకి మచ్చ మెడ మీదుగా కాలర్లోకి దిగింది.

"సర్, మచ్చ కారిపోతోంది" అన్నాడొక విలేకరి.

ఇక అంతా బయటపడిందనుకున్నాను. పి.ఎ. మాత్రం తొణకలేదు. "మరి? పిడుదైతే కారేదా?"

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అలాంటి తెలివికి కొట్టకపోతే పాపం.

అల్లుడుగారు లేచి, వచ్చే ఆదివారం ప్రజలంతా తనతో పాటు నిక్కర్లతో కొండెక్కాలని పిలుపిచ్చారు. వేదిక దిగి, నా చెవిలో మెల్లగా అన్నారు:

"అత్తయ్యగారూ, ఆ ఆఫీసరు సాక్సులు ఏ కొట్లో కొన్నాడో కాస్త కనుక్కోండి."