బేస్ మోడల్ రామబ్రహ్మం

ఆ ఆదివారం ఉదయం రామబ్రహ్మం వేసుకున్న పథకం చాలా చిన్నది. చిలకలపూడిలో బయల్దేరడం, ఘంటసాలలో అత్తగారు వెంకాయమ్మను ఎక్కించుకోవడం, పామర్రు మీదుగా గుడివాడ చేరడం. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో తోడల్లుడు సోమేశ్వరరావు కొడుకు అనిల్‌కి నిశ్చితార్థం. పెళ్ళికూతురికి పట్టుచీర వెంకాయమ్మ చేతుల మీదుగా పెట్టించాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆవిడ ఎవరి కారులోంచి దిగితే ఆ రోజు వాళ్ళదేనని మాత్రం రామబ్రహ్మం ఒక్కడే అనుకున్నాడు.

తోడల్లుళ్ళిద్దరిదీ ఒకే కంపెనీ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. వెనక సీటు కూడా ఉందని కంపెనీవాళ్ళు చెప్పుకోవడమే తప్ప, అందులో కూర్చున్నవాళ్ళెవరూ ఇంతవరకూ ఒప్పుకోలేదు. సోమేశ్వరరావుకి రైసుమిల్లు ఉంది, ఆలోచించే అలవాటు లేదు. షోరూములో కుర్రాడు టాప్ ఎండ్ అన్నాడు, ఆయన సరే అన్నాడు. రామబ్రహ్మానిది రోల్డ్‌గోల్డ్ కొట్టు. చూసేవాళ్ళకి తేడా తెలియనప్పుడు అసలు సరుకు కొనేవాడంత వెర్రివాడు లేడన్నది అతని సిద్ధాంతం. దాని మీదే మేడ కట్టాడు. అదే ధీమాతో అన్నిటికన్నా కింది మోడల్ కొని, బందరులో కార్లకి సోకులు చేసే బెంజమిన్‌కి అప్పగించాడు.

బెంజమిన్ కారుని నేలకి బెత్తెడు ఎత్తుకి దించాడు. వెనక రెక్క బిగించాడు. యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా పటపటమని పేలి నిప్పులు కక్కే సైలెన్సర్ తగిలించాడు. ముందు సీట్లు పీకేసి, రేసుల్లో వాడే సీట్లూ, నాలుగు పట్టీల బెల్టులూ పెట్టాడు. ఆ కొత్త సీట్లు ముందుకు వంగవు. వంగకపోతే వెనకవాళ్ళు దిగడమెలా అని అతనూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. చివర్లో కారు వెనక టాప్ ఎండ్ అక్షరాలు అంటించుకున్నాక రామబ్రహ్మానికి కడుపు నిండింది.

"ఇప్పటిదాకా దీనికి పోసిన డబ్బుతో ఆ టాప్ ఎండే వచ్చేదేమోనండీ" అంది భార్య దుర్గాదేవి.

"అన్నయ్యగారిది ఊరికే కొనుక్కున్న కారే. నాది కోరి చేయించుకున్నది. డబ్బు ఆయనది, బుర్ర నాది."

"నా గాజులు కూడా ఆ బుర్రలోంచి వచ్చినవేగా" అంటూ ఆవిడ డ్రైవరు సీటు మీదుగా పాకి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వెనక సర్దుకుంది.

ఘంటసాలలో వెంకాయమ్మని ముందు సీట్లో దించడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. రామబ్రహ్మం స్వయంగా నాలుగు పట్టీలూ బిగించి, మీట నొక్కాడు. అది టక్కుమంది. ఆవిడ చీర పొట్లాన్ని గుండెకి హత్తుకుంది.

"కుర్చీ అనుకుంటే గోతిలో దింపారేంటి అల్లుడుగారూ?"

"రేసుల్లో ఇలాగే కూర్చుంటారండి అత్తయ్యగారూ."

"అలాగా! వాళ్ళని కూడా పెద్దల్లుడు నిశ్చితార్థానికి పిలిచాడా?"

కారు ఊరు దాటి వేగం అందుకుంది. వెనకనుంచి టపటపమని పేలింది. వెంకాయమ్మ ఉలిక్కిపడింది.

"ఎవరో తుపాకీ పేలుస్తున్నారర్రా!"

"అది మన సైలెన్సరండి."

"దానికి ఆ పేరెవరు పెట్టారు?"

అంతలో సోమేశ్వరరావు ఫోను చేశాడు. దుర్గాదేవి మాట ఆయనకి వినపడలేదు, పేలుళ్ళు వినపడ్డాయి. "ఓహో, టపాకాయలతో దిగారన్నమాట!" అని మురిసిపోయి, వాళ్ళు హాలు ముందుకే వచ్చేశారనుకుని మేళం మొదలెట్టమన్నాడు. పెళ్ళికూతురివాళ్ళు హారతి పళ్ళెంతో గేటు దగ్గరికి వెళ్ళి, ఎండలో నిలబడ్డారు.

పామర్రు ఇంకా కొంత దూరం ఉందనగా అయ్యప్ప అనే రైతు కోసిన మినుము మొక్కల్ని రోడ్డు మీద మందంగా పరిచి ఉంచాడు. బస్సులూ లారీలూ వాటి మీదుగా పోతే కాయలు చిట్లి మినుములు రాలతాయి, నూర్పిడి ఖర్చు ఉండదు. ఆ సీజన్లో దారి పొడుగునా అదే పని. మామూలు కార్లన్నీ తొక్కుకుంటూ పోయాయి. రామబ్రహ్మం కారు మాత్రం కింద బెత్తెడు ఖాళీలోకి దొరికిన మొక్కనల్లా కుక్కుకుంటూ వెళ్ళి, ఇసుకలో దిగబడ్డ పడవలా ఆగిపోయింది.

"తొక్కించి పొమ్మన్నాంగానీ, పంటంతా ఈడ్చుకుపొమ్మన్నామా బాబూ?" అన్నాడు అయ్యప్ప.

రామబ్రహ్మం జవాబుగా యాక్సిలేటర్ గట్టిగా తొక్కి వదిలాడు. సైలెన్సర్ కక్కిన నిప్పులు ఎండు మొక్కల్లో పడ్డాయి. కారు వెనకనుంచి పొగ లేచింది.

రామబ్రహ్మం చటుక్కున దూకేశాడు. తర్వాత ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అత్తగారి బెల్టు మీట నొక్కితే అది కదల్లేదు. రెండు చేతులతో నొక్కినా కదల్లేదు. కొయ్యబారిన సీట్ల వెనక ఇరుక్కుపోయిన దుర్గాదేవి బావగారికి ఫోను కలిపి కేకేసింది.

"బావగారూ, కారు అంటుకుంది! అమ్మ బయటికి రాలేకపోతోంది!"

ఫోను ఆవిడ చేతిలోంచి జారి సీటు కింద పడింది. ఆ పైన సోమేశ్వరరావుకి వినపడింది అయ్యప్ప గొంతు. "కొడవలి తెండ్రా! కొయ్యండి! లాభం లేదు, పీకండి ముసలమ్మని!" ఆ వెంటనే వెంకాయమ్మ పెట్టిన గావుకేక. ఫోను కట్టయింది.

గుడివాడలో మేళం ఆగిపోయింది. సోమేశ్వరరావు భార్య శోకాలు మొదలెట్టింది. హారతి పళ్ళెం లోపలికి పోయింది. చావు కబురుతో మొదలైన సంబంధం కలుపుకోవాలా వద్దా అని పెళ్ళికూతురివాళ్ళు ఒక మూల చేరి గుసగుసలాడుకున్నారు. ఎవరి సలహా వాళ్ళు చెప్పారు, అందరిదీ వద్దనే. సోమేశ్వరరావు టాప్ ఎండ్ కారెక్కి పామర్రు వైపు దూసుకుపోయాడు.

ఇక్కడ అయ్యప్ప పట్టీలన్నీ కోసి వెంకాయమ్మని బయటికి లాగాడు. చీర పొట్లం ఆవిడ వదల్లేదు. దుర్గాదేవిని డ్రైవరు సీటు మీదుగా బయటికి గుంజారు. అదే సమయానికి దివిసీమ నుంచి గుడివాడ మార్కెట్టుకి చేపలు తోలుకెళ్తున్న బుల్లెమ్మ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఆటో తోలేది ఆవిడ మొగుడు, తోలించేది ఆవిడ. ఐసు పెట్టెల్లో కరిగిన నీళ్ళు బక్కెట్లతో ముంచి మంటల మీద కుమ్మరించింది. ఆ ఊపులో కారు మీదా, కారు యజమాని మీదా, మామ్మగారి మీదా కూడా కొంత పోసింది. మంట ఆరింది, ఫోన్లు తడిసి చచ్చాయి, కంపు మిగిలింది.

"మామ్మగారూ, ఎక్కండి. మేమూ గుడివాడకే" అంది బుల్లెమ్మ. మసిబారిన కారుకేసి చూసి, "దీన్ని చేపలు కాల్చడానికి కట్టించారా అండీ?" అని మర్యాదగానే అడిగింది.

కూతురూ అల్లుడూ ఎక్కాక వెంకాయమ్మ ఐసు పెట్టె మీద నిటారుగా కూర్చుంది. "ఇదే నయం. కాళ్ళు చాపుకోవడానికి చోటుంది" అంది.

పామర్రు దాటాక రోడ్డుకి అడ్డంగా సోమేశ్వరరావు టాప్ ఎండ్ కారు కనపడింది. అక్కడా మినుములే. నాలుగు మొక్కలు ముందున్న సెన్సరుకి చుట్టుకునేసరికి, ఎదురుగా గోడ ఉందని కారు తీర్మానించేసింది. ఆయన తొక్కినప్పుడల్లా అదే బ్రేకు వేసుకుంటోంది. లోపల స్పీకర్లోంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో నెమ్మదిగా చీవాట్లు పెడుతోంది.

ఐసు పెట్టె మీద అత్తగారిని చూసి సోమేశ్వరరావు కెవ్వుమన్నాడు.

"అత్తయ్యా! మీరు... ఉన్నారా?"

"ఉన్నాను గనకే ఈ కంపు భరిస్తున్నాను. దిగి రండి, ముహూర్తం దాటిపోతోంది."

రామబ్రహ్మానికి ఆ రోజు మొదటిసారి ప్రాణం లేచి వచ్చింది. "టాప్ ఎండ్ కదా అన్నయ్యగారూ, నడవదా?"

"ఎందుకు నడవదు? దానికి ఇష్టం లేదంతే" అన్నాడాయన. పట్టు పంచె ఎగగట్టి, తోడల్లుడి పక్కనే బొచ్చె చేపల పెట్టె మీద కూర్చున్నాడు.

హాలు ముందు ఆటో ఆగేసరికి ఏడుపులు ఆగిపోయాయి. పెద్దకూతురు తల్లిని వాటేసుకోబోయి, వాసన తగిలి అంత దూరంలోనే ఆనందించింది. సలహాలిచ్చిన మూలలోంచి పెళ్ళికూతురి నాయనమ్మ లేచి వచ్చి, వెంకాయమ్మని ఎగాదిగా చూసింది.

"పోయిందన్న మనిషి చీర పట్టుకుని నడిచొచ్చింది. ఇంతకంటే శుభశకునం ఏం కావాలి మీకు? తాంబూలాలు మార్చుకోండి!"

మార్చుకున్నారు. ఇందాక వద్దన్నవాళ్ళందరూ తాము మొదటినుంచీ అదే చెబుతున్నామన్నారు. పట్టుచీరకి అంటిన రెండు పొలుసుల్ని పెళ్ళికూతురు చెమ్కీ అనుకుంది.

పెళ్ళి దగ్గరపడేసరికి రామబ్రహ్మం పూర్తిగా మారిపోయాడు. బేస్ మోడల్ని వచ్చినకాడికి వదిలించుకుని, షోరూముకి వెళ్ళి టాప్ ఎండ్ తెచ్చుకున్నాడు. "కంపెనీవాడు బిగించిందే బిగింపు. బయట సరుకు నమ్మేవాడు వెర్రివాడు" అని రోల్డ్‌గోల్డ్ కొట్లో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. సోమేశ్వరరావు తన టాప్ ఎండ్‌ని బందరు తీసుకెళ్ళి బెంజమిన్‌కి అప్పగించాడు. సెన్సర్లన్నీ పీకించేసి, కారుని నేలకి దింపించి, పేలే సైలెన్సర్ పెట్టించుకున్నాడు. కారన్నాక మనిషి మాట వినాలి గదా అంటాడు. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకరినొకరు చూసి జాలిపడుతున్నారు. పెళ్ళికి అత్తగారిని నేను తీసుకొస్తానంటే నేనని ఇద్దరూ ఘంటసాలకి మనుషుల్ని పంపారు.

వెంకాయమ్మ పెళ్ళికి ఆర్టీసీ బస్సులో వచ్చింది. ఆడవాళ్ళకి టికెట్టు కూడా లేదు.