నాలుగో నంబర్ బగ్గీ

ఇకమీదట మన జిల్లాను వెనుకబడిన జిల్లా అంటే ఊరుకునేది లేదని శ్రీహరి గారు వికారాబాద్‌లో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. శ్రీహరి గారు జిల్లా యువ సాంకేతిక క్రీడా సమితికి చైర్మన్. సమితి పుట్టి నెలయింది, ఆయన దానికి చైర్మన్ అయి నెలన్నర అయింది. అంత ముందుచూపు ఉన్న మనిషి.

"ఇన్నేండ్లు మన పిల్లలు కబడ్డీ ఆడి మోకాళ్లు చెక్కుకున్నరు. ఇగ రిమోట్ పట్టుకుంటరు. బండి ఉరుకుతది, పిల్లగాడు నిలవడి చూస్తడు. చెమట రాదు. గిదే అభివృద్ధి" అన్నారు.

సంగతేమిటంటే, రిమోట్‌తో నడిచే ఎలక్ట్రిక్ బగ్గీలకు పందేలు పెడతారట. మూరెడు పొడవు బండి, నాలుగు లావు టైర్లు, కడుపులో బ్యాటరీ. పది బడులకు తలా ఒకటి ఇస్తారు. అయితే పందెం మధ్యలో విరిగితే పరువు పోతుంది కనుక, ఏ కంపెనీ బగ్గీ గట్టిదో ముందు తేల్చాలి. తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. చైర్మన్ గారు, రోడ్ల ఇంజనీరు బాల్‌రాజ్ గారు, నేను. నేను తాండూరులో మిక్సీలు, మోటార్లు రిపేరు చేస్తాను. చైర్మన్ గారింట్లో మిక్సీ బాగుచేసిన రోజు నుంచి సాంకేతిక నిపుణుణ్ణి.

మొదటి మీటింగ్‌లో నాకు తెలిసింది చెప్పాను. గేర్లు ఇనుపవి కావాలి, ప్లాస్టిక్‌వైతే పళ్లు అరిగిపోతాయి. చక్రాన్ని పట్టి ఉంచే చేతులు వంగాలి గానీ విరగకూడదు. షాకబ్జార్ల నూనె కారకూడదు, మోటారులోకి దుమ్ము పోకూడదు. విరిగితే స్పేరు పార్టు తాండూరులో కాకున్నా కనీసం హైదరాబాద్‌లో దొరకాలి. చైర్మన్ గారు మొత్తం శ్రద్ధగా విన్నారు.

"బాగ చెప్పినవ్. నా ఫొటో యాడ అంటిస్తరు?" అని అడిగారు.

నాలుగు కంపెనీలు నాలుగు బగ్గీలు పంపాయి. వాటికి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు వేశాం. నాలుగోదానికి బానెట్ వెడల్పు. ఫొటో అంటించడానికి అంతకంటే అనువైనది లేదు. చక్రం చేతిని వేలితో నొక్కి చూశాను, అప్పడంలా పెళపెళమంది. ఆ మాట చెబితే, ముందు పరీక్ష కానివ్వమన్నారు.

పరీక్ష ఎక్కడ అన్న ప్రశ్నకు బాల్‌రాజ్ గారు లేచి నిలబడ్డారు. "సార్, పెద్దేముల్ అవతల రాళ్లకుంట రోడ్డుంది. ఐదు కిలోమీటర్లు. దాని మీద బతికిన బండి లోకంల యాడనన్న బతుకుతది." పదేళ్లుగా తన చేతి కింద పెరిగిన రోడ్డు, ఆమాత్రం గర్వం ఉండదా.

ఒక్కటే చిక్కు. ఆ రోడ్డుకు మరమ్మతు మంజూరై, పక్కన కంకర కుప్పలు పోసి ఉన్నాయి. రోలర్ కూడా వచ్చి నిలబడింది. గుంతలు పూడితే పరీక్షకు విలువేముంటుంది? రోలర్‌ను వెనక్కి పంపారు. పరీక్ష పూర్తయ్యేవరకు గుంతలను యథాతథంగా కాపాడవలెనని ఉత్తర్వు వచ్చింది. రెండు పెద్ద గుంతల చుట్టూ ఎర్ర రిబ్బన్ కూడా కట్టారు.

పరీక్ష రోజున మేం పెద్దేముల్ ఆటో స్టాండ్‌లో దిగేసరికి భీమమ్మ అనే ఆమె ఎదురొచ్చింది. రాళ్లకుంటలో కూలి చేసుకునే మనిషి.

"సారూ, రోలర్ ఎందుకు వాపస్ పోయింది? మా కోడలు శ్యామలకు ఎనిమిదో నెల వడ్డది. కుదుపు తగలొద్దని తాండూర్ డాక్టరమ్మ చెప్పింది. రోడ్డేస్తరు గదా అని ధైర్యంగున్నం."

"టెస్ట్ రిపోర్టు రానీ అమ్మా. వచ్చిన వారానికి రోడ్డు పడ్తది" అన్నారు బాల్‌రాజ్ గారు.

"మాట తప్పొద్దు సారూ. నెల దినాలే ఉంది."

చైర్మన్ గారి కారును ఆ రోడ్డెక్కించనని డ్రైవర్ చెప్పేశాడు. దాంతో ఆయన పెద్దేముల్‌లోనే చాయ్ తాగుతూ పర్యవేక్షించడానికి ఒప్పుకున్నారు. బగ్గీలను రాళ్లకుంట నుంచి ఇటు నడిపించాలని అనుకుని మేమిద్దరం ఖుద్దూస్ షేర్ ఆటో ఎక్కాం. మూడు బగ్గీల డబ్బాలను పైన కట్టాడు. నాలుగోదానికి జాగా లేదు.

ఆ రోడ్డు మీద ఒక ఆచారముంది. పగిలేది ఏదైనా ఎవరో ఒకరి ఒళ్లో కూర్చోవాలి. గుడ్లు, గాజులు, చంటిపిల్లలు, పెళ్లికి కొన్న టీవీలు అన్నీ అలాగే ఊరు చేరాయి. ఎవరిదని అడగరు, ముందు చేతులు చాపుతారు. భీమమ్మ కూడా అదే ఆటోలో ఊరికి పోతోంది. "పిల్లలాడే సామాను, పగుల్తది. ఇటియ్యి" అని నాలుగో డబ్బాను ఒళ్లో పెట్టుకుని కొంగు చుట్టింది. ఐదు కిలోమీటర్లు ముప్పావు గంట పట్టింది. ఆమె మోచేతులు ఆటో కమ్మీలకు కొట్టుకుంటూనే ఉన్నాయి గానీ డబ్బా కదల్లేదు.

రాళ్లకుంటలో విప్పి చూశాం. ఒకటో నంబర్‌కు షాకబ్జార్ ఊడింది. రెండోదానికి ముందు చక్రం వేరుపడింది. మూడోది గట్టి బండే, పాపం పై నుంచి రెండుసార్లు కిందపడింది. నాలుగోది పెళ్లికూతురులా ఉంది. దాన్నైనా నడిపి చూద్దామంటే బ్యాటరీలో చార్జింగ్ లేదు. చార్జర్ వికారాబాద్‌లో ఉంది.

బాల్‌రాజ్ గారు చైర్మన్ గారికి ఫోన్ చేశారు. అటునుంచి ఆయన గొంతు నాకూ వినబడింది.

"నాలుగు బండ్లు ఆ రోడ్డు మీద ప్రయాణం చేసినయా, లేదా?"

"చేసినయి సార్."

"మరి ఇంక టెస్టేముంది?"

అక్కడే రిపోర్టు రాశారు. నాలుగు బగ్గీలు రాళ్లకుంట రోడ్డుపై ఐదు కిలోమీటర్లు ప్రయాణించగా మూడు దెబ్బతిన్నవి, నాలుగవదానికి గీత కూడా పడలేదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా నాకు మింగుడుపడలేదు.

"సార్, అది ఆమె ఒళ్లో కూసొని వచ్చింది" అన్నాను.

బాల్‌రాజ్ గారు ఫారం నా ముందు పెట్టారు. "ఒళ్లో అని కాలమ్ ఉందా?"

వెతికాను, లేదు. పెన్ను పట్టుకుని తటపటాయిస్తుంటే భీమమ్మ నా భుజం తట్టింది. "పెట్టు కొడుకా. నువ్వు సంతకం పెడ్తె మాకు రోలర్ వస్తది."

పెట్టాను.

వారమైంది, రెండు వారాలైంది, రోలర్ రాలేదు. ఈలోపు వికారాబాద్ గ్రౌండ్‌లో నాలుగో నంబర్‌ను చార్జింగ్ పెట్టి వదిలారు. పది గజాలు పోయి శనగగింజంత రాయి తగిలి చక్రం చెయ్యి విరిగింది. నేను లోపల కొంచెం సంతోషపడ్డ మాట నిజం. చైర్మన్ గారు మాత్రం చలించలేదు.

"బండిల లోపం లేదు. రిపోర్టు ఉన్నది గదా, మూడు సంతకాలతోటి. లోపం గ్రౌండ్ల ఉంది. నున్నటి ట్రాక్ కావాలె."

ట్రాక్‌కు కంకర కావాలి. బాల్‌రాజ్ గారు ఫైళ్లు తిరగేసి దారి కనిపెట్టారు. ఇంత సున్నితమైన బగ్గీ గీత పడకుండా ఐదు కిలోమీటర్లు పోయిందంటే, రాళ్లకుంట రోడ్డుకు మరమ్మతు అవసరం ఏముంది? నా సంతకమున్న కాగితాన్నే జత చేసి మరమ్మతు అంచనాను వెనక్కి పంపారు. కంకర ఎత్తి వికారాబాద్‌కు తోలమన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు పని చకచకా సాగింది.

ఆ రోజుల్లోనే రాళ్లకుంటలో ఒక బోరు మోటారు చూసి ఖుద్దూస్ ఆటోలో తిరిగి వస్తున్నాను. వెనక సీటులో శ్యామల, ఆమె తల ఒళ్లో పెట్టుకుని భీమమ్మ. నొప్పులు పొద్దుటే మొదలయ్యాయి. రిబ్బన్ కట్టిన గుంత దగ్గర కంకర నింపుకుని తిరగబోయిన లారీ దారికి అడ్డంగా నిలిచింది.

"జర ఎన్కకు తియ్ భాయ్, లోపల ఆడమనిషి పరేషాన్ల ఉంది" అన్నాడు ఖుద్దూస్.

"లోడు మీదున్న. ఎన్కకు తీస్తే గుంతల వడ్త. ఇయ్యాల్నే పొయ్యాలంటున్నరు వికారాబాద్ల" అన్నాడు లారీ డ్రైవర్. అతని తప్పేం లేదు, ఆ గుంత సంగతి అతనికీ తెలుసు. ఖుద్దూసే ఆటోను వెనక్కి తీయబోతే చక్రం దిగబడింది. మేం దిగి తోస్తుండగానే శ్యామల కేక పెట్టింది. బిడ్డ ఆటోలోనే పుట్టింది. నేను వీపు తిప్పి నిలబడ్డాను. ఎదురుగా లారీ నిండా కంకర. నా బతుకులో ఎన్నడూ అంత సిగ్గు పడలేదు. రక్తం ఆగక, తాండూరు ఆస్పత్రికి చేరేసరికి శ్యామలకు స్పృహ లేదు.

నాలుగో రోజున ట్రాక్ ప్రారంభోత్సవం. నాకు ముందు వరుసలో కుర్చీ వేశారు. భీమమ్మను కూడా కారు పంపి పిలిపించారు. చంటిపిల్లతో సహా రమ్మన్నారట. రోడ్డు గురించి పెద్దసారును అడగొచ్చని ఆమె వచ్చింది.

చైర్మన్ గారు మైకు పట్టుకున్నారు. "రాళ్లకుంట రోడ్డు బాలేదని కొందరు గిట్టనోళ్లు మాట్లాడుతున్నరు. ఆ రోడ్డు మీద మన బగ్గీకి గీత వడలే. మొన్న కాన్పు సుత అయింది. ఆడపిల్ల, మహాలక్ష్మి. గింతకన్న మంచి రోడ్డు ఏ దేశంల ఉంది?"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ముందు వరుసలో కూర్చున్నవాడు కొట్టకపోతే అందరికీ కనబడుతుంది.

భీమమ్మకు శాలువా కప్పి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆమె పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, ట్రాక్ అంచున మొరం మట్టి కింద నుంచి తేలిన కంకర వైపు చూసింది.

"కోడలు ఇంక దవఖానల్నే ఉంది సారూ. నెత్తురెక్కిస్తున్నరు. గీ కంకర మాది."

బాల్‌రాజ్ గారు తన బూట్ల వైపు చూసుకున్నారు. చైర్మన్ గారు మెల్లగా మైకును తన వైపు తిప్పుకున్నారు.

"అవునమ్మా. అంతా ప్రజలదే" అన్నారు.

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. పచ్చ జెండా ఊపారు. కొత్త చెయ్యి బిగించిన నాలుగో నంబర్ బగ్గీ బానెట్ మీద చైర్మన్ గారి నవ్వుతో బయల్దేరి మూడు చుట్లు తిరిగింది. ఎక్కడా ఎగిరిపడలేదు, కనీసం ఊగలేదు. కంకర చాలా బాగా పరిచారు.