తాంబూలంలో నాలుగు పుస్తకాలు

మా నాన్నగారు నాకు త్యాగరాజు అని పేరు పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన సంగీతం రాదు కాబట్టి, దాని మీద పుస్తకం రాశాను. అది పూర్తయ్యేసరికి చెయ్యి బాగా అలవాటైపోయి చిత్రకళ మీద ఒకటి, యాత్రల మీద ఒకటి, ఉద్యోగ జీవితం మీద ఒకటి రాశాను. నేను పట్టు పట్టానంటే వదలను.

చిత్రకళ పుస్తకంలో బొమ్మల్లేవు. అచ్చుకి బొమ్మల బ్లాకులు చేయించే స్తోమత లేక, బొమ్మ ఉండవలసిన చోట "ఇక్కడ ఒక ఏనుగు ఉన్నదని భావించవలెను" అని అచ్చు వేయించాను. యాత్రల పుస్తకంలో వాడరేవు, చీమకుర్తి, గుంటూరు మిర్చి యార్డు ఉన్నాయి. గుంటూరు అధ్యాయం సగానికి పైగా తుమ్ములే. నాకు తెలిసిన ప్రపంచాన్ని నేనేమీ దాచుకోలేదు.

పర్చూరులో పొగాకు గోడౌను గుమాస్తాకి ఇంతకన్నా సాహిత్య సేవ సాధ్యం కాదని నా అభిప్రాయం. కానీ నాలుగు పుస్తకాలూ కట్టలు కట్టలుగా మా ముందు గదిలోనే ఉండిపోయాయి. స్నేహితులకి ఇచ్చిన ప్రతులు కుర్చీల కాళ్ళ కింద కనిపించాయి. ఒక్కరైనా, ఎవరైనా, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారని వింటే చాలనిపించేది. నిజంగా అంతకన్నా ఏమీ కోరలేదు నేను.

శ్రావణ మాసం వస్తోందనగా మా ఆవిడ జ్ఞానప్రసూనాంబ ముందు గది గుమ్మంలో నిలబడి నడుముకి కొంగు బిగించింది.

"ఏవండీ, మొదటి శుక్రవారం పేరంటానికి వచ్చేవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టమంటారు? మీ సంగీతం మీదా, చిత్రకళ మీదా?"

"ఓ మూలకి జరిపి దుప్పటి కప్పుదాం."

"ఈ వారానికి కప్పుతాను. శ్రావణం వెళ్ళేలోగా గది ఖాళీ కాకపోతే బస్టాండు దగ్గర చలమయ్యకి ఇచ్చేస్తాను. బజ్జీలు కట్టుకోవడానికి కాగితాలు చాలడం లేదని మొన్ననే అన్నాడు."

"నా యాత్రల్లో మిరపకాయ బజ్జీలు కడతావా?"

"అలాగైనా నాలుగూళ్ళు తిరుగుతాయి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా పుస్తకాల్లో ఒక్క కాగితం కూడా బజ్జీ కొట్టుకి పోనివ్వకూడదని, ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంటికి చేర్చాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. అలా చేర్చడానికి లోకంలో ఒకే దారి ఉంది. పుస్తకం ఇస్తే ఎవరైనా వద్దంటారు. పేరంటంలో తాంబూలం ఇస్తే ఏ ముత్తయిదువా కాదనదు. తీసుకున్నది తిరిగి ఇవ్వదు కూడా.

గురువారం సాయంత్రం మెల్లగా కదిపాను. "ప్రసూనా, నానబెట్టిన శనగల తడికి జాకెట్టు గుడ్డలు మరకలు పడతాయి కదా. వాటిని కాగితంలో పొట్లాలు కట్టి పెడతాను. పైన ఆకులూ పండూ శనగలూ నువ్వు పెట్టుకో."

ఆవిడ నావైపు ఎగాదిగా చూసింది. "పెళ్ళయ్యాక మీరు ఇంటి పని అడగడం ఇదే మొదలు. ఒంట్లో బాగానే ఉందా?"

"నీ శ్రమ చూడలేక."

"సరే, కట్టండి."

తలుపు వేసుకుని జాకెట్టు గుడ్డలన్నీ తీసి మంచం కింద ట్రంకు పెట్టెలో దాచాను. ఒక్కో పొట్లంలో ఒక్కో పుస్తకం పెట్టి దారంతో బిగించాను. ఏ రకాన్ని ఆ రకం వరుసలో పేర్చాను. పుస్తకాలు పల్చనివే కాబట్టి పొట్లాలు చూడముచ్చటగా వచ్చాయి.

ఉద్యోగ జీవితం వరుస విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాను. అందులో శయనేశ్వరరావు అనే మేనేజరు ఉంటాడు. భోజనం చేసి ఫైలు తెరిచి, దాని మీద తల పెట్టి, సాయంత్రం సైరను మోగాక లేచి "పని ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు. మా మేనేజరు జానకిరామయ్య గారు అచ్చంగా అంతే. అయితే ఆయన భార్య కనకలక్ష్మి గారు పుట్టింటికి గుంటూరు వెళ్ళారని తెలిసి ధైర్యం చేశాను.

శుక్రవారం పేరంటం మొదలైంది. మగవాణ్ణి కాబట్టి పెరట్లో కూర్చుని కిటికీ సందులోంచి చూస్తున్నాను. మా వీధి ఆడవాళ్ళు బొట్టు పెట్టించుకుని, నా సాహిత్యాన్ని కొంగులో వేసుకుని వెళుతున్నారు. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

అంతలో కనకలక్ష్మి గారు లోపలికి వచ్చారు. పొద్దుటి బస్సుకే దిగారట. మా ఆవిడ పసుపు రాసి, చెయ్యి చాచి, సరిగ్గా ఉద్యోగ జీవితం వరుసలోంచి పొట్లం తీసి చేతిలో పెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. "కనకలక్ష్మి గారికి ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి వీలవుతుందా?"

"తాంబూలం వెనక్కి అడుగుతారా ఎవరైనా? అయినా అందులో ఉన్నది జాకెట్టు గుడ్డే కదండీ."

ఇక దాచి లాభం లేదు. పొట్లాల సంగతీ, శయనేశ్వరరావు సంగతీ అంతా చెప్పేశాను. మా ఆవిడ గరిటె కింద పెట్టి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

"వచ్చే శుక్రవారం వాళ్ళింట్లో పేరంటం. తాంబూలంలో వచ్చిన పొట్లం విప్పకుండా ఇంకొకరికి ఇచ్చేయడం మన ఆడవాళ్ళకి అలవాటే. అది నా చేతికే వచ్చేటట్టు చూస్తాను. కానీ ఈ లోపల ముందు గది ఖాళీ కావాలి."

"అన్నీ అటకెక్కిస్తాను."

"ఎక్కించాక గదికి సున్నం వెయ్యాలి."

"వేస్తాను."

మర్నాడు పొద్దున్నే పక్కింటి సుబ్బరావమ్మ గారు గోడ మీద నుంచి పిలిచారు. "అన్నయ్య గారూ, తాంబూలంలో సంగీతం పుస్తకం పెట్టారేమిటి? అట్ట చూసినప్పటి నుంచి మా అత్తగారు పాడుతూనే ఉన్నారు. తిరిగి ఇద్దామంటే తాంబూలమాయె." పురోహితుడి భార్య దుర్గాంబ గారు మనవణ్ణి పంపి, బొమ్మలు రాలిపోయిన ప్రతి వచ్చింది, ఇంకోటి ఉందా అని అడిగించారు. ఉద్యోగ జీవితం అందుకున్న వాళ్ళు మాత్రం ఒక్కరూ కిక్కురుమనలేదు. ఇంకా చదువుతున్నారేమోనని ఒళ్ళు జలదరించింది.

సోమవారం గోడౌనులో భోజనాలయ్యాక జానకిరామయ్య గారి గదిలోకి తొంగిచూశాను. ఆయన నిద్రపోవడం లేదు. నేను ఉద్యోగంలో చేరాక అలాంటి దృశ్యం చూడలేదు. చెంప మీద చెయ్యి వేసుకుని నావైపే చూస్తున్నారు. చదివేశారని నిర్ధారణ అయిపోయింది.

మంగళవారమూ అంతే. బుధవారం ఆయన గోడౌనులోకి స్వయంగా వచ్చి పొగాకు బేళ్ళు చూశారు. నా బల్ల దగ్గర ఆగి, ఏదో అనబోయి, కళ్ళు మూసుకుని మూలిగి వెళ్ళిపోయారు. నన్ను చీమకుర్తి వైపు ఏ మారుమూలకో బదిలీ చేస్తారని, అక్కడ గ్రానైటు దుమ్ములో నా యాత్రల రెండో భాగం రాసుకోవాలని తేలిపోయింది.

ఆ భయంతో సాయంత్రాలు ఇంటికి వచ్చి ఒళ్ళు వంచి పని చేశాను. కట్టలు అటకెక్కించాను. గదికి సున్నం వేశాను. తలుపులకి రంగు కూడా వెయ్యమంటే వేశాను. పెరట్లో బట్టలుతికే బండ మార్చమన్నప్పుడు, దీనికీ శయనేశ్వరరావుకీ సంబంధమేమిటని అడగాలనిపించింది కానీ అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం జానకిరామయ్య గారు కబురు పెట్టారు. రాజీనామా ఎలా రాయాలో ఆలోచించుకుంటూ లోపలికి వెళ్ళాను.

"కూర్చోవయ్యా త్యాగరాజూ. వారం నుంచి దవడ పన్ను ప్రాణం తీసింది. నిన్న చీరాల వెళ్ళి పీకించుకున్నాను. రాత్రి హాయిగా నిద్రపట్టింది. నీతో మాటొకటి చెప్పమంది మా ఆవిడ. మీ ఇంట్లో ఇచ్చిన జాకెట్టు గుడ్డ బాగుందిట, నెమలికంఠం రంగు. అప్పుడే కుట్టించేసుకుంది. ఎక్కడ కొన్నారో కనుక్కోమంది."

ఎక్కడ కొన్నామో నాకు తెలియదు. కనుక్కుని చెబుతానండీ అని బయటపడ్డాను. నేను గది దాటకముందే ఆయన తల ఫైలు మీద వాలింది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ పేరంటానికి తయారవుతోంది.

"నీకు ముందే తెలుసన్నమాట."

"పొట్లం చేత్తో ఎత్తితే తెలియదా? జాకెట్టు గుడ్డ అంత బరువుంటుందా?"

"తెలిసి కూడా నాచేత సున్నం వేయించావా?"

"మీరు తలుపు వేసుకుని పొట్లాలు కట్టలేదూ?"

నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. "సంగీతం, చిత్రకళ, యాత్రలు అలాగే పంచిపెట్టి, ఉద్యోగ జీవితం వరుసలో ఒక్కదాన్లోనే ట్రంకులోంచి గుడ్డలు తీసి ఎందుకు పెట్టావు?"

"వాటివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ఇందులో మీ మేనేజరు గారి గురించి రాశారు కదా. అది వాళ్ళింటికి వెళితే మన కొంపేం కావాలి?"

ఆ సంగతి పుస్తకం మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆవిడ పొట్లాలు మార్చింది నేను చెప్పకముందు, అప్పటికి చదవనివాళ్ళకి తెలిసే వీలు లేదు.

"ప్రసూనా, నువ్వు చదివావా?"

"నాలుగూ చదివాను. మీరు ఆఫీసుకి వెళ్ళాక మధ్యాహ్నాలు."

"చివరిదాకా?"

"చివరిదాకానే."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ పాఠకుడి కోసం ఊరంతా వెతికాను. ఆవిడ నా ఇంట్లోనే ఉంది. సున్నం, రంగు, బండ అన్నీ మరిచిపోయాను. "ఎలా ఉంది?" అని అడిగాను. గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"శయనేశ్వరరావు బాగా కుదిరాడు. తెగ నవ్వాను." మా ఆవిడ జడలో పూలు పెట్టుకుంటూ అద్దంలోంచి నావైపు చూసింది. "ఆ తర్వాత అధ్యాయంలో గుమాస్తా భార్య ఉంది చూడండి, చండికాంబ. మొగుడికి రోజూ చల్లారిపోయిన కాఫీ ఇస్తుంది. ఆవిడెవరండీ?"

కిటికీ వైపు తిరిగాను. "కల్పితం."

"కల్పితమే. ఆవిడ గారి కాఫీ చల్లారిందని రాశారు. గ్లాసు పక్కన పెట్టుకుని మొగుడు పేపరంతా చదివాకే తాగాడని రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఆ అధ్యాయం ఎలా పండుతుంది?"

విమర్శ న్యాయమైనదే. తలవంచుకుని, మళ్ళీ రాస్తానన్నాను.

"తెలియని విషయం మీద ఎలా రాస్తారు? నేను పేరంటం నుంచి వచ్చేసరికి కాఫీ పెట్టి ఉంచండి. వేడిగా ఉండాలి," అంటూ ఆవిడ పసుపు కుంకుమ తీసుకుని బయలుదేరింది.

ఉన్న ఒక్క పాఠకురాలినీ పోగొట్టుకోవడం ఇష్టం లేక, పాల గిన్నె ఎక్కడుంటుందో వెతకడం మొదలుపెట్టాను.