ఉమ్మడి తల

ఆసియా ఖండంలో రెండు చక్రాల మీద తిరిగే ప్రతి మనిషికీ, అతని వెనక కూర్చున్న భార్యకీ, ముందు నిలబడ్డ పిల్లకీ, ఇద్దరి మధ్యా ఇరుక్కున్న పిల్లాడికీ, హ్యాండిల్‌కి వేలాడే కూరగాయల సంచికీ ఇక నుంచి పూచీ తమదేనని పదకొండు దేశాలు ఒకే గొంతుతో ప్రకటించాయి. (గొంతు ఒకటే అయినా మైకు దగ్గర కొంత తోపులాట జరిగింది.) ఆ ప్రకటనతో ద్విచక్ర వాహన భద్రతా సహకార మండలి పుట్టింది. పుట్టగానే దానికొక జెండా, ఒక గీతం, టీ కప్పుల మీద వేసుకోవడానికి ఒక బొమ్మ సమకూరాయి. హెల్మెట్ సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

ప్రధాన కార్యాలయం ఏ దేశంలో ఉండాలన్న చర్చ చాలాకాలం నడిచి, చివరికి ఖాళీ భవనం ఉన్నవాళ్లకి దక్కింది. ఆ భవనం మూడో అంతస్తులో, ఎప్పుడూ మరమ్మతులో ఉండే లిఫ్టు పక్కన, మన గుమాస్తా కూర్చుంటాడు. మనిషి నెమ్మదస్తుడు. ఆఫీసు పెన్ను పొరపాటున జేబులో ఇంటికొస్తే రాత్రంతా నిద్రపట్టని రకం. రోజూ ఏడేళ్ల కూతుర్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని బడిలో దింపి, అటునుంచటే ఆఫీసుకి వస్తాడు. అతనికి హెల్మెట్ ఉంది. కూతురికి లేదు.

లేకపోవడానికి కారణం అతని పిసినారితనం కాదు. బజార్లో పిల్లల హెల్మెట్లే లేవు. నిరుటి దాకా ఉండేవి. దుకాణాల ముందు రంగురంగులవి గుత్తులుగా వేలాడేవి. మండలి తన మొట్టమొదటి తీర్మానంతోనే వాటిని తీయించేసింది. ఒక్కో దేశానిది ఒక్కో ప్రమాణమైతే సహకారం ఎక్కడున్నట్టు? కాబట్టి పదకొండు దేశాల పిల్లలకీ పనికొచ్చే ఉమ్మడి హెల్మెట్ తయారయ్యేదాకా పాతవి అమ్మడం, కొనడం, పెట్టుకోవడం నిషిద్ధం. (ఏమీ పెట్టుకోకపోవడాన్ని కూడా నిషేధించాలని ఒకాయన సూచించాడు గానీ, పెట్టుకోవడానికి ఏమీ లేని చోట అలాంటి నిబంధన అమానుషమని మిగతావాళ్లు తోసిపుచ్చారు.)

ఉమ్మడి హెల్మెట్ కావాలంటే ముందు ఉమ్మడి తల కావాలి. ప్రతి దేశమూ తమ పిల్లల తలలు కొలిచి పంపాలనీ, వాటి సగటు తీయాలనీ నిర్ణయమైంది. ఒక దేశం తమ పిల్లల తలలు చిన్నవని ఒప్పుకోవడం జాతి గౌరవానికి భంగమంటూ కొలతలు కాస్త పెంచి పంపింది. ఆ సంగతి పొక్కగానే పొరుగు దేశం ఇంకాస్త పెంచింది. ద్వీప దేశం వాళ్లు చెవుల్ని ఎందుకు లెక్కలోకి తీసుకోరని నిలదీసి, సమాధానం రాకపోవడంతో సభలోంచి లేచి వెళ్లిపోయి, భోజనాల వేళకి తిరిగొచ్చారు. ఇన్ని ఒడుదొడుకుల తర్వాత ఒక సగటు తేలింది. దాని ప్రకారం టేకు కర్రతో ఒక తల చెక్కించారు. అది ఎవరి తలా కాదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కాగితాల్లో దాని పేరు ప్రాంతీయ ప్రామాణిక శిశు శిరస్సు. ఆఫీసులో అందరూ చంటోడంటారు.

చంటోడికి అద్దాల బీరువా ఉంది, మెత్తని దిండుంది, వేసవిలో ఏసీ కూడా ఉంది. (కర్ర ఎండితే ఆసియా సగటు పగుళ్లిస్తుంది.) సభ్యదేశాలు నమూనాగా పంపిన పిల్లల హెల్మెట్లు అదే బీరువా కింది అరలో వరసగా ఉంటాయి. తాళంచెవి గుమాస్తా దగ్గర. అతని హోదా శిరస్సంరక్షకుడు. జీతంలో మార్పేమీ లేదు.

ఒకరోజు బడి ఒంటిపూటే కావడంతో కూతురు ఆఫీసుకొచ్చి కూర్చుంది. గుమాస్తా బీరువా తెరిచి చంటోడికి దుమ్ము తుడుస్తుంటే, ఆ పిల్ల కింది అరలోంచి పసుపుపచ్చ హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుంది. అచ్చు కొలిచి చేయించినట్టు సరిపోయింది. కళ్ల మీదకి జారలేదు, చెవుల్ని నొక్కలేదు, పట్టీ గడ్డం కింద టక్కుమని పడింది. బీరువా అద్దంలో తనని తాను అటూ ఇటూ చూసుకుని మురిసిపోయింది.

"నాన్నా, ఇది నాదేనా?"

గుమాస్తా మనసు చివుక్కుమంది. "కాదమ్మా. ఆసియాది" అన్నాడు.

సాయంత్రం భార్య అన్నం వడ్డిస్తూ నిలదీసింది. "మీ ఆఫీసు బీరువా నిండా హెల్మెట్లేనటగా? మీకు నోరు లేదా, ఒక్కటి అడగలేరూ?"

"అవి నమూనాలే."

"నమూనా అంటే పెట్టి చూడ్డానికే కదండీ?"

ఈ ప్రశ్న పదకొండు దేశాల్లో ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. గుమాస్తా మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని డైరెక్టరు మేడం గదిలోకి వెళ్లాడు. ఆవిడ మంచి మనిషి. రోడ్డు ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చాలా దేశాల ప్రతినిధులు కళ్లారా చూశారు.

"మేడం, చిన్న మనవి. ఆ పసుపుపచ్చ హెల్మెట్ మా పాపకి సరిపోయింది."

మేడం చేతిలో పెన్ను ఆగింది. "సరిపోయిందా? ఎవరి అనుమతితో?"

"పొరపాటున సరిపోయింది మేడం."

"చూడండి, అది చంటోడికి సరిపోలేదని నివేదికే ఉంది. చంటోడికి పట్టనిది మీ పాపకి పట్టిందంటే తేడా ఎక్కడున్నట్టు?"

"మా పాప తలలో ఉన్నట్టు మేడం."

"ఆ మాట నేను అనను. మీరే అన్నారు." ఆవిడ గొంతు మెత్తబడింది. "కొంచెం ఓపిక పట్టండి. మహాసభలో అంతా తేలిపోతుంది. పట్టీ రంగు ఒక్కటే మిగిలింది. అందాకా నెమ్మదిగా నడపండి."

మహాసభ రోజు రానే వచ్చింది. చంటోణ్ని ఆఫీసు నుంచి ఊరి అవతలున్న సభాభవనానికి చేర్చాలి. ద్విచక్ర వాహనాలు ప్రమాదకరం కాబట్టి శిరస్సును వాటి మీద తరలించరాదని నిబంధన ఉంది. అందుకని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, ఒళ్లు లేకపోయినా దిళ్ల సాయంతో బెల్టు బిగించి, వాడి కోసమే చేయించిన హెల్మెట్ తొడిగారు. పక్కన మేడం, ఆవిడ పక్కన పూలగుత్తులు. శిరస్సంరక్షకుడు శిరస్సు కంటికి కనపడేంత దూరంలోనే ఉండాలి గానీ, కార్లో చోటు లేదు. కాబట్టి స్కూటర్ మీద వెనకే రమ్మన్నారు. బడి ఆ దారిలోనే కావడంతో కూతురూ ఉంది.

బయల్దేరే ముందు గుమాస్తా జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. బీరువా తెరిచి, పసుపుపచ్చ హెల్మెట్ తీసి, కూతురి నెత్తిన పెట్టాడు. పట్టీ టక్కుమంది.

దారిలో పిల్ల వెనకనుంచి తొంగిచూసింది. "నాన్నా, చంటోడికి కార్లో హెల్మెట్ ఎందుకు?"

"దెబ్బ తగలకుండా అమ్మా."

"కార్లో దెబ్బ తగలదు కదా?"

"అందుకే కార్లో పెట్టారు."

కూడలి దగ్గర కానిస్టేబుల్ కారుకి సెల్యూట్ కొట్టి, స్కూటర్‌కి చెయ్యడ్డం పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? మండలి ముద్ర లేని హెల్మెట్ పిల్ల నెత్తిన పెట్టావ్?"

"ముద్ర ఇంకా పుట్టలేదు సార్. ఇవాళ మహాసభలో పుడుతుంది."

"పుట్టాక పెట్టుకో. ఇప్పుడు తియ్యి."

"తీస్తే నెత్తిన ఏమీ ఉండదు కదా సార్."

"ఏమీ లేకపోతే నేనెందుకు ఆపుతాను? అటు చూడు, ఎంతమంది పిల్లలు పోతున్నారో. ఒక్కరినైనా ఆపానా?"

నిజమే, ఆపలేదు. ఉత్త తలల మీద జుట్టు ఎగరేసుకుంటూ పిల్లలు బళ్లకి పోతున్నారు. కానిస్టేబుల్ కూడా పిల్లలున్నవాడే. పట్టీ తానే విప్పి హెల్మెట్ తీశాడు, చెదిరిన జడ సర్దాడు, స్వాధీనం చేసుకున్నట్టు చీటీ రాసిచ్చాడు. "నెమ్మదిగా పోండి. ముందర గొయ్యుంది" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

ఆ గొయ్యి ప్రతినిధులకి స్వాగత తోరణం కట్టడానికి తవ్వింది. జెండాల వరస విషయంలో పేచీ వచ్చి తోరణాన్ని అవతలి వీధికి మార్చారు. గొయ్యిని మార్చడం ఎవరి పనో తేలలేదు. కారు దాన్ని తప్పించుకుని ముందుకెళ్లిపోయింది. చంటోడు కనుమరుగైపోతున్నాడన్న కంగారులో గుమాస్తా కళ్లు కారు మీదే ఉన్నాయి. ముందు చక్రం గోతిలో దిగబడింది.

అతని తల రోడ్డుకి తగిలింది. హెల్మెట్ మీద గీత పడింది, అంతే. లేచి చూస్తే కూతురు డివైడర్ పక్కన పడి ఉంది. నుదుటి మీంచి రక్తం కంట్లోకి కారుతోంది. ఆ పిల్ల ఏడవడం లేదు. ఆ ఏడవకపోవడం చూసి గుమాస్తాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎత్తుకుని ఆటో కోసం పరిగెత్తాడు. ఆటో ఎక్కాక పిల్ల బావురుమంది. అంత తియ్యని ఏడుపు అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

డాక్టరమ్మ కుట్లు వేస్తూ, "హెల్మెట్ పెట్టలేదా?" అంది.

"పెట్టాను."

"మరి?"

"తీయించేశారు."

డాక్టరమ్మ అతని ముఖంలోకి ఒకసారి చూసి, మిగతా కుట్లు వేసింది. భార్య పరుగున వచ్చింది. పిల్ల తలని ఒళ్లో పెట్టుకుని, కట్టు అంచునే వేలితో నిమురుతూ కూర్చుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండుననిపించింది గుమాస్తాకి.

మధ్యాహ్నం మేడం దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఎక్కడున్నారండీ? చంటోడి వెనక సంరక్షకుడు లేడని ద్వీప దేశం వాళ్లు ఆక్షేపిస్తున్నారు!"

గుమాస్తా జరిగింది చెప్పాడు. మేడం నిజంగానే బాధపడింది. "అయ్యయ్యో. పసిదానికి ఎంత కష్టం. చాలా వాచిందా?"

"వాచింది మేడం."

"పాపం. ఒక్కమాట, ఏమీ అనుకోకండి. తలలు మళ్లీ కొలవాలని ఇవాళే తీర్మానమైంది. వాపు తగ్గేదాకా పాపని ఎవరినీ కొలవనివ్వకండి. సగటు పెరిగిపోతుంది."

మహాసభ దిగ్విజయంగా ముగిసింది. పట్టీ రంగు వచ్చే ఏటికి వాయిదా పడింది. చంటోడు చెక్కు చెదరకుండా తిరిగొచ్చి బీరువాలో కూర్చున్నాడు. పసుపుపచ్చ హెల్మెట్ కూడా స్టేషన్ నుంచి లక్క ముద్రతో తిరిగొచ్చి, చంటోడి కింది అరలో చేరింది. (కానిస్టేబుల్‌కి ప్రశంసాపత్రం వచ్చింది.)

వారం తిరక్కుండా వార్షిక నివేదిక టైపు చేసే పని గుమాస్తాకే పడింది. ప్రమాదాల పేజీ దగ్గర ఆగి మేడం గదిలోకి వెళ్లాడు.

"మేడం, ఇక్కడ మా పాపది..."

"ఉమ్మడి హెల్మెట్ పెట్టుకుందా?"

"ఇంకా రాలేదు కదా మేడం."

"అయితే మన పరిధిలోకి రాదు. మనసులో మాత్రం తప్పకుండా ఉంటుంది."

గుమాస్తా తన కుర్చీలోకి తిరిగొచ్చి, ఆవిడ రాసిచ్చిన వాక్యం టైపు చేశాడు: "ప్రాంతీయ సహకార ఫలితంగా, మండలి ఆమోదించిన హెల్మెట్ ధరించిన పిల్లల్లో ఒక్కరికైనా ఈ ఏడాది పదకొండు దేశాల్లో ఎక్కడా చిన్న గాయం కూడా కాలేదు."

తప్పేదైనా దొరుకుతుందేమోనని మళ్లీ మళ్లీ చదివాడు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. సంతకానికి పంపించాడు.